నాన్ పెత్రోనా వెంట ఎవరెవరు వచ్చారు

నాన్ పెత్రోనాకు తోడుగా ఉండడానికి సముద్రాల అవతలినుంచి ఒక మనిషి వస్తున్నాడన్న కబురు షెమాల్ ఊరంతా పాకి, చిట్టచివరికి నాన్ పెత్రోనా గుమ్మం తొక్కింది. ఆ వేళకి ఆమె సున్నపునీళ్ళలో ఉడికిన మొక్కజొన్నల్ని పొట్టు పోయేదాకా కడుగుతోంది. కబురు మోసుకొచ్చింది పక్కింటి ఫెలిసియానా. ఏదన్నా విశేషం చేతికి చిక్కితే ఆవిడకి కాళ్ళు నేలమీద నిలవవు.

"ఒసే పెత్రోనా, ఈ వయసులో నీకు మొగుడొస్తున్నాడంటగా!"

"నాకు మొగుడున్నాడు" అంది పెత్రోనా, చేతిలో పని ఆపకుండా.

ఎవరడిగినా అలాగే అంటుంది. గాస్పర్ మాటోమ్‌ని సైనికులు లారీలో ఎక్కించుకుపోయి ముప్పై రెండేళ్ళయింది. ఆయన మళ్ళీ గడప తొక్కలేదు, ఎముక కూడా దొరకలేదు. అయినా ఆమె లెక్కలో ఆయన ఉన్నవాడే. కాకపోతే ఇంటికి రావడం ఆలస్యమైంది, అంతే.

ఆమెకి అరవై ఆరేళ్ళు. మనిషి నాలుగడుగుల చిల్లర. ఎర్రలంగా, పూలూ పిట్టలూ కుట్టిన రవిక, జడలో చుట్టుకున్న రంగురంగుల పట్టీ, దాని చివర కుచ్చులు. ఊళ్ళో పెద్దావిడల్ని నాన్ అంటారు గనక ఆమె నాన్ పెత్రోనా. అరడజను టర్కీ కోళ్ళు, రెండు చెక్కల మొక్కజొన్న చేను, రేకుల ఇల్లు, ఊరిమొత్తానికి సరిపోయే నోరు ఆమె ఆస్తి. గుమ్మడాకులో మొక్కజొన్న ముద్ద చుట్టి ఉడికించే బోష్‌బోల్ చెయ్యడంలో ఆమెకి సాటి లేరు. ఆ మాట ఆమే చెప్పింది, కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

గాస్పర్ సంగతి ఒకటుంది, అది చెప్పకపోతే తక్కినదంతా అర్థం కాదు. ఆ సంవత్సరమే నెబాహ్ ఊళ్ళో పురపాలక కచేరీ తగలబడింది. అందులో జనం పుట్టుక పుస్తకాలు బూడిదయ్యాయి. గొడవలు సద్దుమణిగాక బతికున్నవాళ్ళు సాక్షుల్ని వెంటేసుకుని వెళ్ళి కొత్త కాగితాలు రాయించుకున్నారు. పెత్రోనా కూడా గాస్పర్ కోసం వెళ్ళింది. కిటికీ వెనకాల కూర్చున్న గుమాస్తా ఆమెని ఎగాదిగా చూశాడు.

"పుట్టినట్టు రుజువు లేనివాడు పోయాడని ఎట్లా రాసేదమ్మా?"

"ఆయన పుట్టలేదా? అయితే నా ఇద్దరు పిల్లలూ ఎవరికి పుట్టారో నువ్వే రాయి. కలం నీ చేతిలోనే ఉందిగా!"

గుమాస్తా కిటికీ మూసేశాడు. ఆ తరవాత ఆమె ఎన్నిసార్లు వెళ్ళినా ఆమె కుచ్చుల జడ దూరాన కనిపించగానే ఆయనకి భోజనం వేళయ్యేది.

ఆ రోజు షెమాల్‌లో సైనికులు పట్టుకుపోయింది పద్దెనిమిది మందిని. చేలో మొక్కజొన్న చాటున బోర్లా పడుకుని ఆమె అంతా చూసింది. ఇన్నేళ్ళకి ఆనాటి దండు అధికారిమీద రాజధానిలో కేసు నిలబడితే, కేసు కాగితాల్లోకి ఏడుగురి పేర్లే ఎక్కాయి. ఆ ఏడుగురికీ ఎక్కడో ఒకచోట చర్చి చీటీయో, సంతపన్ను రసీదో మిగిలింది. తక్కిన పదకొండుమందికి ఏమీ లేదు. వాళ్ళలో గాస్పర్ ఒకడు. అంటే పెత్రోనా కోర్టుకెళ్ళి ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళ గురించి చెప్పొచ్చు, తన మొగుడి గురించి చెప్పకూడదు.

ఈ మాట ఆమెతో చెప్పడానికి బాధితుల తరఫు లాయరు మరిసోల్ రాజధానినుంచి పనికట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై దాటలేదు. ఎత్తుమడమల చెప్పులతో షెమాల్ బురదలోకి దిగి, ఒక చెప్పు బురదకే వదిలేసి ఇల్లు చేరింది.

"నాన్ పెత్రోనా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ ఏడుగురి గురించే చెప్పండి. మిగతా పేర్లెత్తితే అవతలి లాయరు ఎగిరి గంతేస్తాడు. ఈవిడకి రుజువుల్లేవు, ఎవరో నేర్పితే వచ్చి చిలకలా పలుకుతోంది, ఈ సాక్ష్యం చెల్లదు అంటాడు. అప్పుడు ఆ ఏడుగురు కూడా పోతారు."

పెత్రోనా లేచి లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల కాలికి తన రబ్బరు చెప్పు ఒకటి తెచ్చి తొడిగింది.

"సరేనమ్మా. అడిగినదానికే జవాబు చెప్తాను. అడగనిది ఒక్క ముక్క మాట్లాడను."

మరిసోల్ ఊపిరి పీల్చుకుంది. పాపం, ఆ పిల్లకి పెత్రోనా సంగతి తెలియదు.

కేసు కదిలినప్పటినుంచీ రెండుసార్లు ఎవరో ఇంటి రేకులమీద రాళ్ళు వేశారు. సంతలో ఒకడు ఉల్లిపాయలు బేరమాడుతున్నట్టు వంగి, ముసలిదానివి ఇంట్లో కూర్చోవమ్మా అని చెవిలో ఊది పోయాడు. అందుకే మరిసోల్ వాళ్ళ సంఘం పరదేశాలనుంచి మనుషుల్ని రప్పిస్తోంది. సాక్షి పక్కన పొడుగాటి తెల్లవాడు ఒకడు కనబడుతూ ఉంటే చెడ్డపని చేసేవాడు రెండుసార్లు ఆలోచిస్తాడని వాళ్ళ లెక్క.

పొడుగు విషయంలో సంఘం ఏ లోటూ చెయ్యలేదు. వచ్చినవాడు గుమ్మంలోనే తల కొట్టుకున్నాడు. లోపలికొచ్చి, కూర్చోమంటే కూర్చుని, మళ్ళీ లేచినప్పుడు అటకకి కొట్టుకున్నాడు. పేరు రెటో. స్విట్జర్లాండు మనిషి, అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు అక్కడి రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఇద్దరికీ స్పానిష్ అరకొరగా వచ్చు. ఆయనది పుస్తకంలో నేర్చింది, ఆమెది సంతలో నేర్చింది.

"నువ్వు ఏం పని చేస్తావయ్యా ఇక్కడ?" అనడిగింది పెత్రోనా.

"మీ దగ్గర ఉంటాను."

"ఉండి?"

"ఉంటాను. అంతే. సలహాలు చెప్పకూడదు. బహుమతులివ్వకూడదు. గొడవైతే కలగజేసుకోకూడదు. కేసు గురించి మాట్లాడకూడదు."

"మా కుక్క కూడా అంతేనయ్యా. అది మొరుగుతుంది కూడా."

"నేను మొరగకూడదు" అన్నాడు రెటో, ఎంతో గంభీరంగా.

పెత్రోనా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, ఆయనకి ఆకలిగా ఉందేమోనని అడగకుండానే నాలుగు రొట్టెలూ చిక్కుళ్ళూ ముందు పెట్టింది. ఆయన తిన్నాడు. ఇంకో నాలుగు పెట్టింది. మా దగ్గర కంచం ఖాళీ అయిందంటే ఇంకా కావాలని అర్థమన్న సంగతి ఆయనకి తెలియదు, వడ్డించింది తినకపోతే తప్పని మాత్రం శిక్షణలో చెప్పారు. పద్నాలుగో రొట్టె దగ్గర ఆయన కళ్ళు తేలేశాడు.

అసలు చిక్కు మర్నాటినుంచి మొదలైంది. మా కొండల్లో ఇంటికొచ్చిన అతిథిని ఒంటరిగా వదలడం మహాపాపం. అందుకని పెత్రోనా చేనుకి వెళ్ళడం మానేసింది. సాక్షిని ఒంటరిగా వదలకూడదని రెటోకి ఆజ్ఞ. అందుకని ఆమె కదలకపోతే ఆయనా కదల్లేదు. ఆమె పొయ్యి పక్కన పీటమీద, ఆయన గోడ పక్కన పీటమీద. రేపు పోతాడులే అని ఆమె, రేపు బయల్దేరుతుందిలే అని ఆయన. మూడురోజులపాటు ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చున్నారు. చేలో కలుపు మోకాలెత్తు పెరిగింది. నాలుగోరోజు ఫెలిసియానా తలుపు దగ్గర నిలబడి నడుంమీద చేతులు వేసుకుంది.

"ఏమే, ఇద్దరూ గుడ్లమీద కూర్చున్నారా ఏంటి?"

"అతిథిని వదిలేసి ఎట్లా పోనే?"

"ఆయనకి కాళ్ళు లేవా? వెంటబెట్టుకుపో."

ఆ మాట ఇద్దరికీ తోచలేదంటే నమ్మాలి. ఆరోజునుంచి వాళ్ళిద్దరూ షెమాల్‌లో చూడదగిన వింత అయ్యారు. ముందు నాలుగడుగుల పెత్రోనా, వెనక ఆరున్నర అడుగుల రెటో. ఆమె వీపున కట్టెలమోపు. మొయ్యడం సాయమవుతుందా, కలగజేసుకోవడమవుతుందా అని ఆయన సంఘానికి ఉత్తరం రాశాడు. జవాబు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. మోపులో సగం మొయ్యొచ్చని వచ్చింది. ఆ సగాన్ని ఆమె వీపునుంచి ఎలా విడదియ్యాలో అందులో రాయలేదు. ఈలోగా పెత్రోనా పెంచిన మగ టర్కీ కోడి ఆయనమీద పగబట్టింది. రోజూ పొద్దున్నే ఎర్రతోలు ఊపుకుంటూ వచ్చి పిక్కలు పొడిచేది. ఆయన దానికి సర్దిచెప్పబోయేవాడు. టిక్కెట్టు లేని ప్రయాణికుడితో మాట్లాడే అలవాటు కాబోలు, ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. కోడికి మర్యాద అక్కర్లేకపోయింది.

కోర్టువాళ్ళు తేదీ ఇచ్చారు, తేదీ మార్చారు. జడ్జికి జ్వరం, నిందితుడికి రక్తపోటు, అవతలి లాయరుకి ఇంకో కేసు. అలా నాలుగు నెలలు గడిచాయి. వాయిదా కబురు వచ్చినప్పుడల్లా పెత్రోనా రాత్రి భోజనం ముట్టేది కాదు. సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళలో ఇద్దరు అప్పటికే కాలం చేశారు. నేనూ పోతే గాస్పర్ ఉన్నాడని చెప్పే నోరు కూడా పోతుంది అని ఒకసారి పొయ్యితో అంది. రెటో విన్నాడు. సలహా చెప్పకూడదు గనక తన పీట పొయ్యికి దగ్గరగా జరుపుకున్నాడు.

ఆ ఖాళీలోనే ఆయన రొట్టెలు తట్టడం నేర్చుకోబోయాడు. షెమాల్‌లో మగవాడు మొక్కజొన్న పిండి ముట్టుకోవడం అదే మొదలు. చూడ్డానికి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఆయన రెండు చేతులమధ్య ముద్ద పెట్టుకుని, పుస్తకంలో రాసుకున్న ప్రకారం తట్టేవాడు. రొట్టె ఒకవైపు మందం, ఒకవైపు చిల్లు.

"ఇది రొట్టె కాదయ్యా, గుర్రపు డెక్క" అనేది పెత్రోనా. "చేతులతో తట్టాలి, ఆలోచనతో కాదు."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, టిక్కెట్టు చూసినట్టు చూసి, పక్కన పెట్టేవాడు. ఆ రొట్టెలు కోళ్ళకి వేసేవాళ్ళు. మగ టర్కీ కోడి వాటిని కూడా అనుమానంగానే చూసేది.

చివరికి గట్టి తేదీ వచ్చింది. ప్రయాణం రహస్యంగా ఉండాలని సంఘం ఆజ్ఞ. ఏ రోజు, ఏ బస్సు, ఏ దారి, ఎవరికీ తెలియకూడదు. రెటో కాగితంమీద కొండ, దారి, బస్సు బొమ్మలు గీసి, పెదాలమీద వేలు పెట్టుకుని మరీ చెప్పాడు.

"ఎవరికీ చెప్పొద్దు. ఒక్కరికి కూడా."

"నేనెందుకు చెప్తానయ్యా? నాకేం పిచ్చా?"

అన్న మాట నిలబెట్టుకుంది. తనంతట తాను ఎవరి గడపకీ వెళ్ళి చెప్పలేదు. గురువారం పొద్దున్నే ఇద్దరూ చెరో సంచీ పట్టుకుని బయల్దేరారు. ఇరవై అడుగులు వెయ్యగానే నీళ్ళబిందెతో ఒకావిడ ఎదురైంది.

"ఎక్కడికి నాన్?"

"రాజధానికి. కోర్టులో సాక్ష్యం చెప్పాలి. తొమ్మిది గంటల బస్సుకి."

రెటో మళ్ళీ పెదాలమీద వేలు పెట్టి చూపించాడు. తరవాత గొర్రెలు తోలుకెళ్ళే పెద్దాయన. "ఎక్కడికి నాన్?" ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. బస్సు పేరు కూడా చెప్పింది. తరవాత కట్టెలు కొట్టేవాళ్ళు ముగ్గురు, తరవాత చర్చి ఊడ్చే ఆవిడ, తరవాత ఒక తాగుబోతు. తాగుబోతుకి రెండుసార్లు చెప్పింది, మొదటిసారి అర్థం కాలేదు గనక.

"నాన్ పెత్రోనా! రహస్యం అన్నాను కదా!"

"నేను చెప్పానా? వాళ్ళు అడిగారు. దారిలో ఎదురైన మనిషి ఎక్కడికని అడిగితే చెప్పకుండా పోవడానికి మనమేమన్నా దొంగలమా?"

మా దారుల్లో అది మర్యాద. ఎక్కడికని అడగనివాడు పొగరుబోతు, చెప్పనివాడు దొంగ. శిక్షణలో ఈ సంగతి ఎవరూ రెటోకి చెప్పలేదు, ఆయన అడగనూ లేదు.

కొండ కనుమ దగ్గర పాత కొయ్య శిలువ ఉంది. ఊరు దాటి పెద్దపనిమీద వెళ్ళేవాళ్ళు అక్కడ ఆగి పోయినవాళ్ళని తోడు పిలుచుకుంటారు. పెత్రోనా సంచీలోంచి కొవ్వొత్తులు తీసి, గాలికి అడ్డంగా లంగా చెంగు పట్టి, పదకొండు వెలిగించింది. రెటో గడియారం చూసుకున్నాడు.

"ఆ ఏడుగురికీ కోర్టువాళ్ళే కబురు పెట్టారు, పేర్లు కాగితంలో ఉన్నాయి" అంటూ మొదలుపెట్టింది శిలువతో. "మీ పదకొండుమందికీ ఎవరూ చెప్పలేదు గదా, నేను చెప్తున్నాను. రండి. ఒయ్ మటేయో, నువ్వు కాలు నొప్పని వెనకబడకు. రోసలియా, పసిదాన్ని వదలకు, ఎత్తుకునే రా. గాస్పర్, నీకు మాత్రం గట్టిగా చెప్తున్నా. పెళ్ళికి ఆలస్యంగా వచ్చావు, పిల్లాడు పుట్టినప్పుడు ఆలస్యంగా వచ్చావు, ఈ ఒక్కరోజన్నా వేళకి రావయ్యా, నీకు దణ్ణం పెడతాను."

చెంగుతో ముక్కు తుడుచుకుని లేచింది. రెటో గడియారాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

రోడ్డుమీద బస్సు ఆగే చోటుకి చేరేసరికి రహస్యం నలభైమందయింది. ఫెలిసియానా గంపలో బోష్‌బోల్ పొగలు కక్కుతోంది. గొర్రెల పెద్దాయన గొర్రెల్ని అల్లుడికి అప్పజెప్పి కొత్త టోపీ పెట్టుకొచ్చాడు. తాగుబోతు మొహం కడుక్కుని జుట్టు దువ్వుకుని ముందు వరసలో నిలబడ్డాడు. రెటో రోడ్డుపక్క రాయిమీద కూలబడి సంఘానికి ఫోను చేశాడు.

"ప్రయాణం సంగతి... కొంతమందికి తెలిసింది."

"ఎంతమందికి?"

రెటో తల తిప్పి చూశాడు. "లెక్క ఇంకా తేలలేదు. ఇంకా వస్తూనే ఉన్నారు."

"ఏం మొహం వేలాడేశావయ్యా?" అంది ఫెలిసియానా, ఆయన చేతిలో వేడి పొట్లం పెడుతూ. "ఒక్కడివి మనిషిని కాపాడాలంటే నీకు కష్టం గదా. మేమూ వస్తాం పద."

సందులో మూరెడు చోటు లేకుండా బస్సు బయల్దేరింది. ఏడుగంటల ప్రయాణంలో రెటో ఒళ్ళో ఇద్దరు పిల్లలు, ఒక గంప, ఎవరిదో టోపీ.

మర్నాడు కోర్టు. పెత్రోనా గదిలోకి అడుగుపెట్టి, కుర్చీ దగ్గరికి వెళ్ళకుండా పలకరింపులు మొదలుపెట్టింది. మా దగ్గర ఏ ఇంట్లోకి వెళ్ళినా అందర్నీ పేరుపేరునా, పెద్దవాళ్ళనుంచి పిన్నలదాకా పలకరించాకే కూర్చుంటారు. ముగ్గురు జడ్జీలకీ దణ్ణం పెట్టింది, వాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. రాసే గుమాస్తాని అడిగింది. తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న పోలీసుని అడిగింది. అతను ఖంగుతిని, అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ అనేశాడు. కోర్టు దుభాషి తోమాస్ అవన్నీ ఒక్కటి వదలకుండా ఆమె భాషలోంచి స్పానిష్‌లోకి మార్చాడు. పెద్ద జడ్జి జలుబుతో ముక్కు చీదుకుంటూ, ఈవిడకి సాక్ష్యం చెప్పే ఉద్దేశం ఉందా అని అడిగాడు. పెత్రోనా ఆయనకి అల్లం నీళ్ళు తాగమంది.

నిందితుడి వరసలో ఆనాటి అధికారి, ఇప్పటికి మీసాలు నెరిసిన ముసలాయన, గడ్డం గుండెలకి ఆనించి కునుకు తీస్తున్నాడు. ఆయన పక్కన కూర్చున్న నర్సుని పలకరించింది. ఆయన ముందు మాత్రం నోరు విప్పకుండా దాటిపోయింది. గదిలో అందరూ అది చూశారు.

సాక్ష్యం చక్కగా చెప్పింది. ఏడుగురు ఎక్కడ నిలబడ్డారు, ఎవర్ని తాళ్ళతో కట్టారు, ఎవర్ని ముందు లారీ ఎక్కించారు, ఎవరు ఆజ్ఞ ఇచ్చారు. ఒక్క పేరు ఎక్కువ కాదు, ఒక్క పేరు తక్కువ కాదు. ఏడో పేరు తరవాత ఆమె చేతులు లంగాని గట్టిగా పట్టుకున్నాయి. ఎనిమిదోది పెదాలదాకా వచ్చి ఆగింది. మరిసోల్ కళ్ళు మూసుకుని తెరిచింది.

అప్పుడు అవతలి లాయరు లేచాడు. జుట్టు నూనె రాసి దువ్విన మనిషి, మాట కూడా నూనె రాసినట్టే ఉంటుంది.

"అమ్మా, మీ ఇంట్లో నాలుగు నెలలుగా ఒక పరదేశీయుడు ఉంటున్నాడు. నిజమేనా?"

"నిజమే."

"అతను మీకు ఏం నేర్పుతున్నాడు?"

"నాకా? ఆయనా?" పెత్రోనా వెనక్కి తిరిగి రెటోని చూసింది. "నేనే ఆయనకి నేర్పుతున్నాను బాబూ. నాలుగు నెలలయింది, ఇంకా రొట్టె గుండ్రంగా రాలేదు. కోళ్ళు కూడా తినట్లేదు. గుమ్మంలో తల వంచాలని రోజూ చెప్తున్నా, రోజూ కొట్టుకుంటాడు. ఆ బొప్పి చూడండి. ఆయన నాకు నేర్పేదేముంది పాపం, తన పిక్కలు తాను కాపాడుకోలేడు."

తోమాస్ నవ్వు ఆపుకోలేక సగం మాటలు మింగేశాడు. చిన్న జడ్జి కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెటో చెవులు ఎర్రబడ్డాయి. అవతలి లాయరుకి కోపమొచ్చింది. కోపంలో మనిషి అడగకూడని ప్రశ్న అడుగుతాడు.

"మీరు ఒక్కరే రాలేదు. మీవెంట ఒక దండును తీసుకొచ్చారు. వీళ్ళందర్నీ ఎవరు కూడగట్టారో కోర్టుకి తెలియాలి. మీతో ఎవరెవరు వచ్చారో చెప్పండి. అందరి పేర్లూ."

పెత్రోనా తల ఎత్తింది. "అందరివీనా?"

"అందరివీ. ఒక్కరిని కూడా వదలొద్దు."

ఆమె మరిసోల్ వైపు చూసింది. మరిసోల్ లేవబోయి, ఆమె కళ్ళలో ఏం చూసిందో గానీ, మళ్ళీ కూర్చుంది.

పెత్రోనా చెప్పడం మొదలుపెట్టింది. రెటో, ఫెలిసియానా, గొర్రెల పెద్దాయన, నీళ్ళబిందె ఆవిడ, తాగుబోతు. ఈరోజు తాగలేదని కూడా చెప్పింది. అలా నలభైమంది. గుమాస్తా వేళ్ళు విరుచుకుని రాసుకుపోతున్నాడు.

"వీళ్ళు బస్సులో వచ్చినవాళ్ళు" అంది. "ఇక నేను పిలిస్తే వచ్చినవాళ్ళు. మటేయో కోర్యో, కాలు కుంటుతూ వచ్చాడు. రోసలియా తెర్రాసా, ఆమె చంకలో పాప అన్హెలినా, ఏడాది నిండలేదు. హసింతో, ఫెలిసియానా తమ్ముడు. ముసలాయన దొమింగో, ఆయన మనవడు..."

ఒక్కొక్క పేరూ చెప్పి, తోమాస్ దాన్ని స్పానిష్‌లో పలికేదాకా ఆగి, ఆ తరవాతే ఇంకొకటి చెప్పింది. వెనక బల్లలమీద పొట్లాల చప్పుడు ఆగిపోయింది.

"పదకొండోవాడు గాస్పర్ మాటోమ్. నా భర్త."

అవతలి లాయరుకి అప్పటికి అర్థమైంది. "అభ్యంతరం! వీళ్ళు ఈ గదిలో లేరు! ఎక్కడున్నారమ్మా వీళ్ళు?"

"నాకు తెలియదు బాబూ" అంది పెత్రోనా, మెల్లగానే. "తెలిస్తే అక్కడికే వెళ్ళి పిలిచేదాన్ని. తెలియకే కొండమీద శిలువ దగ్గర నిలబడి పిలిచాను. ఎక్కడున్నారో ఆయనకి తెలుసు. ఆయన్ని అడుగు."

వేలు చూపింది. నిందితుడు కునుకులోంచి లేచి ఎప్పుడు కూర్చున్నాడో, కళ్ళు తెరిచే ఉన్నాడు. ఆయన నేలవైపు చూశాడు.

పెద్ద జడ్జి ముక్కు తుడుచుకుని రుమాలు మడిచాడు.

"రికార్డులోంచి తీసేయించండి" అన్నాడు అవతలి లాయరు.

"ఒక్కరిని కూడా వదలొద్దన్నది మీరే" అన్నాడు జడ్జి. "మీ ప్రశ్న ఉంటుంది, ఆవిడ జవాబు ఉంటుంది. గుమాస్తా గారూ, పదకొండు పేర్లూ వచ్చాయా?"

"వచ్చాయండి."

"చదవండి."

గుమాస్తా నిలబడి చదివాడు. వెనక ఫెలిసియానా తమ్ముడి పేరు విని ఘొల్లుమంది. పెత్రోనా ఏడవలేదు. తలవంచి, తప్పు చదువుతాడేమోనని వింటూ కూర్చుంది. తప్పు చదవలేదు.

మూడోరోజు ఊరికి బయల్దేరేముందు మరిసోల్ బస్సులోకి ఎక్కి, కోర్టు ముద్రవేసిన సాక్ష్యం నకలు ఒకటి ఆమె చేతిలో పెట్టింది. తీర్పుకి ఇంకా నెలలు పట్టొచ్చు, ఏమవుతుందో చెప్పలేనంది. పెత్రోనా తల ఊపింది. చదువు రాదు గనక కాగితాన్ని రెటో ముందు చాచింది.

"ఎక్కడున్నాడు?"

రెటో కళ్ళద్దాలు సర్దుకుని పేజీలు తిప్పి, పందొమ్మిదో పేజీలో కిందనుంచి నాలుగో వరస దగ్గర ఆగాడు. ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ పేరుమీద ఆనించాడు. పుట్టినప్పటి కాగితం లేదు, పెళ్ళినాటిది లేదు, పోయినప్పటిది లేదు. గాస్పర్ మాటోమ్ బతుకులో ఇదే మొదటి కాగితం.

అప్పుడు ఏడ్చింది నాన్ పెత్రోనా. బస్సులో నలభైమందీ చూస్తుండగా, సిగ్గుపడకుండా, గట్టిగా ఏడ్చింది. బస్సు నగరం దాటి కొండలెక్కింది. కుదుపులకి కాగితం ఎగిరిపడుతున్నా ఆమె వేలు ఆ పేరుమీదినుంచి తియ్యలేదు.